వదలడానికే పట్టుకునే చెయ్యి

మధ్యాహ్న భోజనం గంట కొట్టాక చాలా బడుల్లో కనిపించే దృశ్యం ఒకటుంది. పిల్లలంతా వరండాలో బాసింపట్టు వేసుకుని వరసగా కూర్చుంటారు. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చే, ఎదుగుదలను నెమ్మదింపజేసే స్థితి) ఉన్న పదేళ్ల పిల్లాడి ముందు కూడా పళ్లెం పెడతారు. అంతలో ఆయమ్మో, పై తరగతి అక్కో వచ్చి అన్నంలో సాంబారు పోసి, కలిపి, ముద్దలు చేసి వాడి నోట్లో పెట్టేస్తుంది. పది నిమిషాల్లో పని అయిపోతుంది. చొక్కా మీద మెతుకు పడదు, కడుపు నిండుతుంది, చూసేవాళ్లకు ముచ్చటేస్తుంది. వాడు మూడో తరగతిలో ఉన్నప్పుడూ ఇంతే, ఐదో తరగతికి వచ్చాకా ఇంతే. ఇందులో ఎవరి మనసులోనూ చెడు లేదు. కాని ఈ రెండేళ్లలో వాడు బడిలో తిన్న భోజనాలు 400 దాకా ఉంటాయి. చేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకోవడానికి దొరికిన 400 అవకాశాలు ప్రేమగానే పోయాయి.

అన్నం తినడం బయటికి ఒకే పనిలా ఉంటుంది. విడదీస్తే పది పన్నెండు పనులు. పళ్లెం జరగకుండా ఎడమ చేత్తో అంచు పట్టుకోవాలి. అన్నంలోంచి కాస్త ఇవతలికి లాక్కోవాలి. దాని మీదికి పప్పు చేర్చాలి. వేళ్లతో నలుపుతూ కలపాలి. కలిపినదాన్ని వేళ్ల కొసలకు తెచ్చుకోవాలి. చెయ్యెత్తి, నోటి దగ్గర బొటనవేలితో లోపలికి తొయ్యాలి. అది మింగేదాకా ఇంకో ముద్ద ఎత్తకుండా ఆగాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కండరాల బిగువు తక్కువగా ఉంటుంది కాబట్టి ముద్దను వేళ్ల కొసలకు తెచ్చుకునే చోట తరచు చిక్కుకుంటారు. సాంబారు అన్నం జారిపోతుంది, ముద్దపప్పు అన్నం నిలుస్తుంది. కాబట్టి మొదలుపెట్టాల్సింది ముద్దపప్పుతో. అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం, దాని కింద మడిచి పరిచిన తడిగుడ్డ సగం కష్టాన్ని తీసేస్తాయి. బయటి దేశాల నుంచి వచ్చిన శిక్షణ పుస్తకాలు చెంచాతో మొదలవుతాయి. మన పిల్లాడు పెళ్లి బంతిలో నలుగురి మధ్య కూర్చోవాలంటే చెంచా వచ్చినా చాలదు.

ఇలా పనిని ముక్కలు చేయడాన్ని ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన టీచర్లు టాస్క్ అనాలిసిస్ అంటారు. ముక్కలు చేశాక అన్నీ ఒకేసారి నేర్పరు. చాలాసార్లు చివరి ముక్కతో మొదలుపెడతారు. అమ్మ అన్నం కలిపి, ముద్ద చేసి, పిల్లాడి వేళ్ల మీద పెడుతుంది. నోట్లోకి తోసుకోవడం ఒక్కటే వాడి పని. ఆ ఒక్కటీ కుదిరిన రోజున అమ్మ ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. ముద్ద పళ్లెంలోనే ఉంటుంది, ఎత్తుకోవడం కూడా ఇప్పుడు వాడి వంతు. ఇలా వెనకనుంచి ముందుకు వచ్చే పద్ధతిని బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అంటారు. దీని బలం ఎక్కడుందంటే, ప్రతిసారీ పని పూర్తయ్యేది పిల్లాడి చేతుల్లోనే. రుచి నాలుకకు తగిలేది వాడు చేసిన పనికి ఫలితంగానే. మొదటినుంచి నేర్పితే, అమ్మ చెయ్యి వచ్చి మిగతాది పూర్తిచేసేదాకా వాడు చూస్తూ కూర్చుంటాడు.

నిక్కరు తొడుక్కోవడమూ అంతే. మోకాళ్ల పైదాకా అమ్మ ఎక్కిస్తుంది, నడుము దాకా లాక్కోవడం వాడికి వదలాలి. చొక్కా బొత్తాలు ఐదైతే నాలుగు పెట్టేసి, ఐదోదాన్ని కాజాలోంచి సగం బయటికి తీసి ఉంచాలి. ఆ మిగతా సగం లాగితే చాలు, చొక్కా వేసుకున్నది వాడే. నాడా కట్టుకునే పైజామా బదులు ఎలాస్టిక్ది, లేసుల బూట్ల బదులు అతుక్కునే పట్టీ ఉన్నవి కొనడం ఓటమి ఏమీ కాదు. ఇంకో సంగతి, తొడుక్కోవడం కన్నా విప్పడం సులువు. అందుకే బూట్ల పాఠం ఉదయం ఏడుంబావుకు, ఆటో హారన్ కొడుతుండగా పెట్టుకోకూడదు. సాయంత్రం బడినుంచి వచ్చాక, బూట్లు విప్పడంతో మొదలుపెట్టాలి. తొందర లేని వేళ అదొక్కటే.

ఊతం ఇవ్వడంలోనూ మెట్లుంటాయి. చెయ్యి మీద చెయ్యి వేసి చేయించడం అన్నిటికన్నా ఎక్కువ సాయం. తర్వాత మణికట్టు పట్టుకోవడం, ఆ తర్వాత మోచేతి దగ్గర తాకి వదలడం, వేలితో చూపించడం, మాట చెప్పడం, ఊరికే కళ్లతో చూడడం. చివరికి ఏమీ లేకపోవడం. ఈ వరసలో మాట చివర్లో ఉంది కాబట్టి అది తేలికైన సాయమని అనుకుంటాం. తీసేయడానికి అదే కష్టం. "తిను నాన్నా, తిను" అని ప్రతి ముద్దకూ చెప్పిన ఇంట్లో కొన్నాళ్లకు పిల్లాడు ఆ మాట వినిపిస్తే తప్ప చెయ్యెత్తడు. వాడికి తినడం వచ్చు. కాని వాడు నేర్చుకున్న పనిలో అమ్మ గొంతు కూడా ఒక భాగమైపోయింది. శిక్షణ పొందిన టీచరు ఒకసారి చెప్పి, మనసులో నెమ్మదిగా ఐదు దాకా లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే రెండోసారి నోరు తెరుస్తుంది. ఐదు అంకెల నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు రెండో అంకె దగ్గరే ఆగలేరు.

శాతం చెప్పని సంగతి

తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న బిడ్డ తల్లిదండ్రులకు మొదట ఎదురయ్యే మాట సదరం. శిబిరానికి స్లాటు దొరకబుచ్చుకుని, డాక్టర్ల ముందు కూర్చోబెట్టి, వైకల్యం ఎంత శాతమో రాయించుకుంటారు. 40 శాతం గీత దాటితే పెన్షన్, రిజర్వేషన్, రాయితీలు. ఆ కాగితం అవసరమే, దాని కోసం తిరిగిన తిప్పలు పడ్డవాళ్లకే తెలుసు. కాని పిల్లాడికి బొత్తాం పెట్టుకోవడం వచ్చో రాదో, రెండు అంకెలు కలపడం వచ్చో రాదో అందులో ఉండదు. శాతం పెన్షన్‌కు పనికొస్తుంది, రేపటి పాఠానికి పనికిరాదు.

రేపటి పాఠానికి పనికొచ్చే కాగితం వేరే ఉంది. సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం ఒక చెక్‌లిస్టు తయారు చేసింది. ఇప్పుడు ఆ సంస్థను ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఎఫ్ఏసీపీ అని పిలిచే ఈ చెక్‌లిస్టులో తినడం, స్నానం, బట్టలు, మాట, చదువు, డబ్బు, ఆటలు అన్నీ చిన్న చిన్న అంశాలుగా ఉంటాయి. ఒక్కోదాని ఎదుట పిల్లాడు దాన్ని సొంతంగా చేస్తాడా, గుర్తుచేస్తే చేస్తాడా, మాట సాయంతోనా, చెయ్యి పట్టుకుంటేనా, పూర్తిగా ఇతరుల మీద ఆధారపడ్డాడా అని గుర్తు పెట్టాలి. ఒక స్థాయిలోని అంశాల్లో 80 శాతం సొంతంగా చేయగలిగితే పై స్థాయికి పంపిస్తారు.

ఆ గుర్తుల్లో అసలైనది, జనం పెద్దగా పట్టించుకోనిది ఇంకొకటుంది. ఆంగ్లంలో ఎన్, ఈ అనే రెండక్షరాలు. ఆ పని చేసే అవకాశమే పిల్లాడికి ఎప్పుడూ దొరకలేదని దాని అర్థం. పదమూడేళ్ల పిల్లకు టీ గ్లాసు కడగడం రాదని తల్లి చెబుతుంది. "ఎప్పుడైనా కడగనిచ్చారా?" అని టీచరు అడిగితే, "పగలగొడుతుందని ఇవ్వలేదండీ" అంటుంది. ఇక్కడ రాదు అనే గుర్తు పెట్టకూడదు. చేతగాకపోవడం వేరు, చెయ్యనివ్వకపోవడం వేరు. నిజాయితీగా నింపితే బాగా చూసుకునే ఇళ్లలోనే ఈ గుర్తులు ఎక్కువ పడతాయి. అమ్మమ్మ, నాయనమ్మ, అత్తా ఉన్న ఉమ్మడి ఇంట్లో పిల్లాడి చెయ్యి నీళ్ల చెంబు దాకా పోకముందే ముగ్గురు లేస్తారు.

వెనక్కి తగ్గకపోవడానికి కారణాలు ప్రేమ ఒక్కటే కాదు. పొద్దున టైమ్ ఉండదు. సొంతంగా స్నానం చేయనిస్తే ముప్పావుగంట, తల్లి చేయిస్తే ఏడు నిమిషాలు. చుట్టాల ముందు పిల్లాడు అన్నం ఒలకబోస్తే పరువు. పడిపోతాడేమో, కాలుతుందేమో అని భయం. వీటన్నిటి కింద ఎవరూ పైకి చెప్పని లెక్క ఒకటుంది. వీడు నేర్చుకుని ఏం చేస్తాడు, ఎలాగూ మేమే కదా చూసుకోవాల్సింది అని. తల్లికి ముప్పై ఐదేళ్లున్నప్పుడు ఆ లెక్క సరిపోతుంది. ఆమెకు అరవై ఐదు వచ్చేసరికి పిల్లాడికి నలభై, అరవై ఐదు కిలోల బరువు. అప్పుడు బాత్రూములోకి తీసుకెళ్లి స్నానం చేయించడం ఆమె వల్ల కాదు.

బడిలో సీటు దొరికాక

చట్టాల పరంగా మన దగ్గర లోటు తక్కువే. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తిస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కల్లోనే చిక్కు) అప్పుడే జాబితాలోకి వచ్చాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు అయింది. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలున్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే వీలు కల్పించింది. సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకంలో ఒక్కో పిల్లాడికి ఏడాదికి 3,500 రూపాయల లెక్కన కేటాయింపు, ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలల స్టైపెండ్ ఉన్నాయి. ఈ అంకెల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, ఈ రోజుల్లో 200తో ఏమొస్తుందో అందరికీ తెలుసు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నేల మీద కనిపించే ఏర్పాటు భవిత కేంద్రం. సాధారణంగా మండల కేంద్రంలోని ఏదో ఒక బడి ఆవరణలో ఉంటుంది. ఒకరిద్దరు ప్రత్యేక టీచర్లుంటారు. కొందరు పిల్లలు రోజూ అక్కడికే వస్తారు, కొందరు మామూలు బడిలో కూర్చుంటారు. కదల్లేని పిల్లల ఇళ్లకు వారానికి ఒకసారి టీచరే వెళ్లాలి. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు వేరే ఉంటుంది. ఒకే టీచరు కేంద్రం నడపాలి, చుట్టుపక్కల బడులకు వెళ్లాలి, ఇళ్లకు తిరగాలి, శిబిరాలకు పిల్లల్ని కూడగట్టాలి, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించాలి. వారానికి ఒక గంట ఇంటికి వచ్చే మనిషి పిల్లాడికి స్నానం నేర్పలేడు. కాని తల్లికి స్నానం ఎలా నేర్పాలో చూపించగలడు. ఈ తేడా తెలిసిన టీచరు ఆ గంటలో పిల్లాడి కన్నా తల్లితోనే ఎక్కువ పని చేయిస్తుంది. తెలియనివాళ్లు పుస్తకం తెరిచి అఆలు దిద్దించి వెళ్లిపోతారు. రిజిస్టర్‌లో రెండూ ఒకేలా నమోదవుతాయి.

మామూలు బడిలో సీటు దొరికిన పిల్లాడి రోజు ఎలా గడుస్తుంది? చాలాచోట్ల రంగులు వేస్తూ గడుస్తుంది. మిగతా పిల్లలు నీటి చక్రం రాసుకుంటుంటే వాడికి మామిడిపండు బొమ్మ ఇచ్చి పసుపు పెన్సిల్ చేతికిస్తారు. ఆరో తరగతిలో అదే మామిడిపండు, అదే పసుపు. అదే పాఠంలో వాడికి తగ్గ లక్ష్యం పెట్టడం అంత కష్టమేమీ కాదు. బిందెలోంచి గ్లాసుతో ఒలకకుండా నీళ్లు ముంచడం, తాగే నీళ్లేవి, కడుక్కునే నీళ్లేవి అని చూపించడం, కుళాయి కట్టేయడం. ఇదీ నీటి పాఠమే. వ్యక్తిగత విద్యా ప్రణాళిక అని ప్రతి పిల్లాడికీ రాయాల్సిన కాగితంలో ఉండాల్సినవి ఇవే. "పిల్లవాడికి నీటిపై అవగాహన కలుగును" అని రాస్తే కలిగిందో లేదో తేల్చడం ఎవరి తరమూ కాదు. "ఐదుసార్లలో నాలుగుసార్లు చెప్పకుండానే కుళాయి కట్టేస్తాడు" అని రాస్తే రెండు వారాల్లో తేలిపోతుంది.

నగరాల్లోని ప్రైవేటు బడుల్లో కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ షాడో టీచర్ అనే ఏర్పాటు వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లాడి పక్కన రోజంతా ఒక మనిషి కూర్చుంటుంది. ఆమె జీతం చాలాచోట్ల తల్లిదండ్రులదే. మొదటి కొన్ని నెలలు ఆమె లేకపోతే పిల్లాడు తరగతిలో నిలవలేకపోవచ్చు. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. క్లాస్ టీచర్ ఏ మాటైనా ఆమెకే చెబుతుంది, పిల్లాడికి చెప్పదు. పక్క బెంచీ పిల్లలు కూడా "మిస్, వాడు పెన్సిల్ ఇస్తాడా?" అని ఆమెనే అడుగుతారు. నీడ కాస్తా గోడైపోతుంది. ఈ ఏడాది ఎన్ని పీరియడ్లు ఆమె రెండు బెంచీలు వెనక్కి జరిగి కూర్చుంటుంది, వచ్చే ఏడాది ఎన్ని పీరియడ్లు తరగతి బయట ఉంటుంది అని మొదటి రోజే మాట్లాడుకోకపోతే ఆ ఏర్పాటు పదో తరగతి దాకా అలాగే సాగుతుంది.

ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు తర్వాత ఏం జరగబోతుందో తెలియకపోవడమే పెద్ద టెన్షన్. ప్రార్థన, తెలుగు, లెక్కలు, భోజనం, ఆటలు అని ఐదు బొమ్మల కార్డులు గోడకు వరసగా తగిలించి, అయిపోయినదాన్ని తిప్పి పెట్టడం నేర్పితే చాలావరకు కుదురుకుంటారు. గంట చప్పుడుకు చెవులు మూసుకునే పిల్లాణ్ని గంట వేలాడే వరండాకు దూరంగా ఉన్న గదిలో కూర్చోబెడితే ఖర్చు సున్నా. ఈ కార్డులు పెద్దవాళ్ల గొంతుకు బదులుగా పనిచేస్తాయి కాబట్టి ముందు చెప్పిన "తిను నాన్నా" చిక్కు కూడా ఇక్కడ రాదు. తర్వాత ఏం చేయాలో పిల్లాడు గోడను అడుగుతాడు.

వు, మ

చదవడం, రాయడంలోనే చిక్కున్న పిల్లల సంగతి వేరు. వీళ్లకు అన్నం కలుపుకోవడం వచ్చు, సైకిల్ తొక్కడం వచ్చు, క్రికెట్ స్కోరు నోటికి చెబుతారు. పుస్తకం తెరిస్తేనే గొడవ. ఈ చిక్కుకు వాడే డిస్లెక్సియా అనే మాట తెలుగు ఇళ్లలోకి ఎక్కువగా ఆంగ్ల మాధ్యమం వెంట వచ్చింది. అందుకని అదేదో ఆంగ్లం చదివే పిల్లల జబ్బు అన్నట్టు మాట్లాడుతుంటారు. తెలుగు రాసినట్టే పలుకుతాం కదా, ఇక కష్టమేముంది అంటారు. రాసినట్టు పలకడం నిజమే. కాని ఏది ఎక్కడ రాశారో పోల్చుకోవడం వేరే పని.

ప-వ, న-స, మ-య, ధ-థ జంటలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క, ఒక వంపు. వ పక్కన కొమ్ము మామూలుగా చేరిస్తే అచ్చం మ అయిపోతుంది, అందుకే పు, వు రాసేటప్పుడు కొమ్మును కిందికి దించుతాం. మనకు ఇది గుర్తు కూడా ఉండదు. అక్షరాల ఆకారం దగ్గరే తడబడే పిల్లాడికి "వు" చూసిన ప్రతిసారీ అది "మ" కాదని తేల్చుకోవాలి. ఇక ఒత్తులు. "పుస్తకం"లో త ఒత్తు స కింద ఉంటుంది. కంటికి స పూర్తిగా కనిపిస్తుంది, నోటికి మాత్రం సగమే పలకాలి, కిందున్నదాన్ని పూర్తిగా పలకాలి. "ప్రజ"లో ర ఒత్తు ప కింద ఎడమవైపు నుంచి మొదలవుతుంది, పలికేది ప తర్వాత. "వస్త్రం" అయితే ఒకదాని కింద రెండు. కన్నడ లిపి మీద జరిగిన పరిశోధనలు అక్షరాలన్నీ పట్టుబడడానికి మామూలు పిల్లలకే నాలుగో తరగతి దాకా పడుతుందని చూపించాయి. తెలుగు లిపి దానికి అక్కచెల్లెలే. కాబట్టి రెండో తరగతిలో ఒత్తులు రాని పిల్లలందరికీ ముద్ర వేయడం తొందరపాటు. ఐదో తరగతిలోనూ గుణింతం దగ్గరే ఆగిన పిల్లాణ్ని సోమరి అనడం అంతకన్నా పెద్ద తప్పు.

రాసినట్టే పలికే భాషల్లో ఈ ఇబ్బంది తప్పుల రూపంలో కన్నా నెమ్మది రూపంలో ఎక్కువ బయటపడుతుంది. పిల్లాడు తెలుగు వాచకం చదువుతాడు, తప్పు లేకుండానే చదువుతాడు, కాని పేరా అయ్యేసరికి తరగతి అయిపోతుంది, ఏం చదివాడో గుర్తుండదు. ఆంగ్లం నోటుబుక్కులో ఎర్ర సిరా కనిపిస్తుంది కాబట్టి అది దొరికిపోతుంది. తెలుగులో నెమ్మదికి ఎర్ర సిరా లేదు. ఇంట్లో చేయగలిగినవి మరీ గొప్పవేమీ కావు. ఒకేలా ఉండే అక్షరాలను ఒకే వారం నేర్పకుండా ఎడం పెట్టడం, ఇసుకలోనో బియ్యప్పిండిలోనో వేలితో పెద్దగా రాయించడం, ఒత్తును వేరే రంగుతో రాసి చూపించడం, పేరా ముందు పెద్దవాళ్లు చదివి తర్వాత పిల్లాడితో చదివించడం. వందసార్లు ఇంపొజిషన్ రాయించడం వల్ల చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు.

ఎప్పటికీ తీసేయకూడనివి

ఇంతవరకు చెప్పినదాన్ని పట్టుకుని సాయమంతా ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోవాల్సిందే అనుకుంటే పొరపాటు. చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, బ్రెయిలీ, సైగల భాష, ర్యాంపు ఎవరూ మాన్పించాల్సినవి కావు. కళ్లజోడు పెట్టుకున్నవాణ్ని ఇంకెన్నాళ్లు అని అడగం కదా. ర్యాంపు విషయంలో కొలత ముఖ్యం. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మెట్ల మీద సిమెంటు పోసి నున్నగా చేసిన జారుడుబల్లను ర్యాంపు అని లెక్కల్లో చూపించిన బడులు ఉన్నాయి. దాని మీద కుర్చీని ఇద్దరు తోస్తే తప్ప ఎక్కదు, అంటే అది పిల్లాణ్ని మళ్లీ ఇద్దరి మీద ఆధారపడేలా చేసిందన్నమాట.

పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్, గంటకు 20 నిమిషాల అదనపు సమయం కూడా ఈ కోవలోవే. రాతలో ఇబ్బంది ఉన్న వైకల్యం 40 శాతం గీత దాటకపోయినా స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే స్క్రైబ్‌తో రాయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. జవాబును మనసులో పేర్చుకుని, వాక్యం వాక్యంగా చెప్పి, చెప్పింది రాశారో లేదో అడిగి చదివించుకోవాలి. పరీక్ష హాల్లోనే మొదటిసారి స్క్రైబ్ ముఖం చూసే పిల్లలు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. మామూలు పదో తరగతి బరువు మోయలేనివాళ్లకు సార్వత్రిక విద్యాపీఠాల దారి ఉంది. జాతీయ స్థాయి ఎన్ఐఓఎస్‌లో ఒకసారి రిజిస్టరైతే ఐదేళ్ల దాకా ఒక్కో సబ్జెక్టు చొప్పున పూర్తిచేసుకోవచ్చు. ఈ దారి గురించి తొమ్మిదో తరగతి చివర్లో, ఇక వీడు మా రిజల్ట్ పాడుచేస్తాడని భయం పుట్టినప్పుడు చెబుతున్న బడులున్నాయి. ఆరులో చెబితే సలహా అవుతుంది, తొమ్మిదిలో చెబితే గెంటివేతే.

తలుపు గడియ

పదకొండు పన్నెండేళ్లు వచ్చాక స్నానం పాఠానికి ఇంకో అర్థం చేరుతుంది. పుట్టినప్పటినుంచి ఎవరు పడితే వాళ్లు బట్టలు విప్పి, నీళ్లు పోసి, తుడిచిన పిల్లకు ఏ చెయ్యి మంచిదో ఏది కాదో ఎలా తెలుస్తుంది? తన ఒంటి మీద ఎవరి చెయ్యైనా పడొచ్చన్నదే ఆమె నేర్చుకున్న పాఠం. గుడ్ టచ్, బ్యాడ్ టచ్ చార్టు గోడకు అంటించే ముందు జరగాల్సింది సొంతంగా సబ్బు రుద్దుకోవడం, తలుపు వేసుకోవడం, బయట ఒకరే మనిషి ఉండడం, ఆ మనిషి ఎవరో ఇంట్లో తేల్చుకోవడం. మగపిల్లలకూ ఇదే వర్తిస్తుంది, వాళ్ల విషయంలో ఇంకా తక్కువ పట్టించుకుంటారు.

నెలసరి సంగతి మొదటి నెలసరికి ముందే నేర్పాలి. ప్యాడ్ కాగితం తీసి, జిగురువైపు బట్టకు అంటేలా పెట్టడం ఒక పాఠం. తడి తెలిసినప్పుడు మార్చుకోమంటే చాలామందికి తెలియదు, టిఫిన్ తర్వాత, భోజనం తర్వాత, బడినుంచి వచ్చాక అని రోజులో జరిగే పనులకు ముడిపెడితే తెలుస్తుంది. వాడినదాన్ని కాగితంలో చుట్టి ఏ డబ్బాలో వేయాలో చూపించాలి. ఎర్ర రంగు వేసిన ప్యాడ్‌తో ముందుగా అలవాటు చేస్తే ఆ రోజు రక్తం చూసి బెదిరిపోదు. ఇది రాలేదని, ఊరికే ఇబ్బందని ఆడపిల్లల్ని ఏడో తరగతితో బడి మాన్పించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

18 నిండాక తల్లిదండ్రుల సంతకం దానంతట అది చెల్లదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవాళ్లకు సంరక్షకులను నియమించే వీలు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది. జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ దాన్ని చూస్తుంది. 2016 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, పరిమిత సంరక్షణ అనే మాట తెచ్చింది. ఫలానా విషయంలో, ఫలానా కాలానికి, ఆ వ్యక్తితో మాట్లాడి కలిసి తీసుకునే నిర్ణయం అని దాని భావం. అన్నం ముద్ద దగ్గర చెప్పిన సంగతే బ్యాంకు ఖాతా దగ్గర చట్టం చెబుతోంది. ఆ వ్యక్తికి చేతకాని చోటే పట్టుకోమంటోంది.

డబ్బు సంగతి ఈ మధ్య మారింది. చిల్లర లెక్కపెట్టడం నేర్పడానికి టీచర్లు ఏళ్లు పెట్టేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌పే వచ్చాక స్కాన్ చేసి అంకె కొడితే చాలు, డబ్బు అందిందని డబ్బా గట్టిగా అరిచి చెబుతుంది. కొందరికి ఇది వరమే. అయితే పిన్ ఎవరడిగినా చెప్పేసే పిల్లాడి విషయంలో అదే ప్రమాదం. కాబట్టి తక్కువ డబ్బుండే విడి ఖాతా, పిన్ కొట్టేటప్పుడు ఫోను తిప్పి పట్టుకోవడం కొత్త పాఠాలయ్యాయి. చిల్లర మాత్రం పూర్తిగా పోలేదు, సందు చివర కిరాణా కొట్టులో పాల ప్యాకెట్‌కు ఇప్పటికీ నోటే ఇస్తారు చాలామంది.

ఆ పాల ప్యాకెట్ పాఠం మెట్లు ఇలా ఉంటాయి. మొదటి వారం తండ్రి పక్కనే నడుస్తాడు. తర్వాత నాలుగడుగులు వెనక, ఆ తర్వాత రోడ్డుకు ఇవతల, చివరికి ఇంటి గుమ్మంలో. అబ్బాయి కొట్టు దాకా వెళ్లడం వచ్చింది, నోటు ఇవ్వడం వచ్చింది, చిల్లర కోసం చెయ్యి చాచి ఆగడమూ వచ్చింది. ఒక్క మెట్టు మాత్రం నెలల తరబడి కుదరదు, అడగడం. కారణం అబ్బాయి కాదు. కొట్టాయన మంచివాడు. అబ్బాయి గడప ఎక్కకముందే, "నాన్న పంపాడా, ఇదిగో" అని ప్యాకెట్ చేతిలో పెట్టేస్తాడు. కాబట్టి తండ్రి ఒక సాయంత్రం వెళ్లి ఆయనతో మాట్లాడాలి. రేపటినుంచి మావాడు నోరు తెరిచి అడిగేదాకా ఇవ్వకండి అని చెప్పాలి. ఆయన ప్యాకెట్ చేతిలో పట్టుకుని, మాట సాయం కూడా చేయకుండా, మనసులో ఐదు దాకా లెక్కపెట్టుకుంటూ నిలబడాలి. వెనక ఇద్దరు బేరాలవాళ్లు తొందరపెడుతున్నా సరే.